కూలికి పెట్టిన అభ్యాసం

ప్రాణాయామానికి కూలి మనిషిని పెట్టినవాళ్లను మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. రాయచూరు జిల్లా మొత్తం వెతికినా ఇంకొకరు దొరకరు. అదీ ఊరికే పెట్టలేదు, బేరమాడి పెట్టాను. అతడు అడిగినదాన్ని సగానికి దించి, చాయ్ తన ఇంట్లోనే తాగి రావాలని షరతు కూడా పెట్టాను. ఆ రోజు పొద్దుగూకేదాకా నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ తెలివి ఎక్కడిదంటే పుట్టింటిది. మాది దేవదుర్గలో దుకాణాల ఇల్లు. తెల్లవారితే తక్కెడ, పొద్దుగూకితే తాళం. దేవుడి పనులకు తీరిక ఉండేది కాదు కనుక వాటికి మనుషుల్ని పెట్టేవాళ్లు. జపం మా గోత్రం చెప్పి పురోహితుడు చేసేవాడు. మా నాయనమ్మ మొక్కుకున్న ప్రదక్షిణలు ఒక పేద ముసలావిడ చేసేది. నాయనమ్మ అరుగు మీద కూర్చుని, ఆమె గుడి వెనకవైపు అడ్డదారి తొక్కుతుందేమోనని మెడ చాచి చూసేది. తిరిగేది ఎవరైనా పుణ్యం మాత్రం నేరుగా మా ఇంటికే వస్తుందన్నది మాలో ఎవరికీ అనుమానం లేని విషయం. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని, యోగాభ్యాసం ఒక్కటే మనమే చేసుకోవాలంటే ఎలా నమ్ముతాను?

నన్ను ఇచ్చింది మాన్వి దారిలో ఉన్న చిన్న ఊరికి. నేను కాపురానికి వచ్చేనాటికి అది జొన్నల ఊరు. తర్వాత తుంగభద్ర కాలువ వచ్చింది. కాలువ వెంట కోస్తా నుంచి రైతులు వచ్చారు, పొలాల పక్కనే క్యాంపులని కొత్త ఊళ్లు కట్టుకున్నారు, వరి వేశారు. మా కిరాణా దుకాణానికి బళ్లు వెలుగు రాకముందే వచ్చి ఆగేవి. మా ఆయన గద్దె మీద కూర్చుంటే దుకాణానికి అదొక కళ. నేను లోపల సరుకు చూసుకునేదాన్ని. బయటికి మాత్రం ఆయన చెయ్యే కనిపించాలి.

చెయ్యే అని ఎందుకన్నానంటే, మా వైపు దుకాణంలో ఇచ్చినా పుచ్చుకున్నా కుడిచేత్తోనే. ఎడమచేత్తో ఉప్పు పొట్లం ఇస్తే కొన్నవాడు తీసుకోడు. పొద్దున మొదటి బేరం, బోణి, ఎడమచేత్తో జరిగితే ఆ రోజంతా దుకాణం మీద ఏదో నీడ పడ్డట్టే. నమ్మకమో మూర్ఖత్వమో, దాని మీద ఒక మనిషి బతుకంతా ఆధారపడి ఉండేది.

ఆ మనిషికి ఒక రోజు గోనెసంచి ఎత్తబోతుండగా లక్వా కొట్టింది. కుడివైపంతా పడిపోయింది. ఆయనకింకా నలభై నిండలేదు. రాయచూరు ఆసుపత్రిలో ప్రాణం దక్కింది. మాట త్వరగానే తిరిగి వచ్చింది, తిట్లు అంతకంటే త్వరగా వచ్చాయి. కాలు ఈడ్చుకుంటూ నడక కూడా వచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు. వేళ్లు లోపలికి ముడుచుకుని, పట్టుకున్నదాన్ని ఇవ్వనని మొండికేసిన పిల్లవాడి పిడికిలిలా ఉండేది. వేళ్లను రోజూ కదిలించకపోతే అలాగే బిగుసుకుపోతాయని, తర్వాత ఎవరి వల్లా కాదని డాక్టరు చెప్పి పంపించాడు. ఆ 'తర్వాత' ఎప్పుడు మొదలవుతుందో చెప్పలేదు. నా గుండెదడ ఆ రోజు మొదలైంది.

ఆయన గద్దె ఎక్కడం మానేశాడు. ఎవరైనా చూస్తుండగా ఎడమచేత్తో తినలేక నలుగురిలో తినడమూ మానేశాడు. లోపలి అర్రలో తలుపు వేసుకుని తినేవాడు. దుకాణం నేను నడిపాను. నడవక ఆగిపోలేదు గాని, నేను భయపడింది దుకాణానికి కాదు. గద్దె ఎక్కని రోజు ఒక్కొక్కటి గడుస్తుంటే ఆ మనిషి లోపల ఏదో కొడిగట్టిపోతున్నట్టు కనిపించేది. చెయ్యి ముందు బిగుసుకుంటుందా, మనసు ముందు బిగుసుకుంటుందా అన్నట్టు ఉండేది.

అప్పుడు మా అన్న వచ్చాడు. మా పుట్టింట్లో తక్కెడ పట్టని మగవాడు ఆయనొక్కడే. నిజాం కాలంలో బడిలో డ్రిల్ మాస్టరుగా చేరి, ఎవరో సాధువు దగ్గర యోగం నేర్చుకుని, రిటైరై అరకేరలో ఉండేవాడు. అన్ని అలవాట్లనూ జయించానని చెప్పుకునేవాడు. నస్యం డబ్బీ మాత్రం ఆయన్ని జయించింది.

ఆయన మమ్మల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. ఊపిరి తీస్తూ వేళ్లు మెల్లగా విప్పాలి. వదులుతూ ముడవాలి. విప్పుకోని వేళ్లకు ఎడమచెయ్యి సాయం ఇవ్వాలి. అంతే.

"బడి పోరగాండ్ల లెక్క చేతులు ఊపమంటవా బావా?" అన్నాడు మా ఆయన.

"ఊపమంటలే. నువ్వు ఊపినా అది ఊగదు. విప్పమంటున్న," అన్నాడు అన్న.

నేను అడగాల్సింది నేను అడిగాను. "అన్నా, నా చెయ్యి మంచిగనే ఉంది గద. నేనెందుకు గూసోవాలె?"

"నీ చెయ్యి మంచిగనే ఉంది చెల్లె. బావ ఒక్కడే గూసుంటె జర్రసేపు చేసి పండుకుంటడు. నువ్వు ఎదురుంగ ఉంటె నీ మీద పంతానికన్నా చేస్తడు."

"ఎన్ని దినాలు చెయ్యాలె?"

"గదే అడగొద్దు. కొంచెం చెయ్యాలె, దినాం చెయ్యాలె, ఇష్టంగ చెయ్యాలె. నడుమ ఇడవొద్దు. గింతే."

"దేనికైనా ఒక హద్దు ఉంటది గద. హద్దు తెలియకుంటె ఎట్ల?"

"హద్దు నీ చేతుల లేదు. చేసుడు ఒక్కటే నీ చేతుల ఉంది," అని నస్యం పీల్చి, ఇంటి పైకప్పు అదిరేలా తుమ్మాడు.

మొదట్లో చేశాం. నిజంగానే చేశాం. వేకువన స్నానం చేసి, దుకాణం తెరవకముందు కూర్చునేవాళ్లం. కొన్ని వారాలకు బొటనవేలు కదిలింది. తర్వాత చూపుడువేలు కొద్దిగా విచ్చుకుంది. ఒక రోజు ఆయన చేతిలో నిమ్మకాయ పెడితే నిలిచింది. నేను వంటింట్లోకి పోయి, ఎవరూ చూడకుండా ఏడ్చాను.

అక్కడే నాలోని దుకాణదారు లేచింది. సరుకు బాగుందని తెలిస్తే దాన్ని ఇంకాస్త చవగ్గా ఎలా తెచ్చుకోవాలా అని ఆలోచించడం మా రక్తంలో ఉంది. క్యాంపుల్లో వరికోతలు వచ్చాయి. బళ్లు చీకటితోనే వస్తున్నాయి. మేము ఊపిరి తీస్తూ వదులుతూ కూర్చునే ఆ కాసేపే మంచి బేరాల వేళ. ఎదురుగా ఇంకొకడు కొత్తగా దుకాణం పెట్టాడు. అతడు తలుపులు తీస్తున్న చప్పుడు నాకు లోపలికి వినిపించేది. ఆ చప్పుడుతో నా ఊపిరి గొంతులోనే ఆగిపోయేది.

మా ఊళ్లో ఒకప్పుడు తాలీంలో కుస్తీలు పట్టి, తర్వాత మాలీషు చేసుకు బతికే మనిషి ఉండేవాడు. అతణ్ణి పిలిచాను.

"ఏం పహిల్వాన్, చెయ్యి పట్టుకోని విప్పుడు, మూసుడు. గింతే గద పని?"

"గింతే అయితె నువ్వే చేసుకో శెట్టమ్మా."

"నాకు టైముంటె నిన్నెందుకు పిలుస్త?"

"మరి నేనడిగేది గా టైముకే. చేతికి గాదు."

బేరం తెగింది. పోతూ పోతూ అతడు మళ్లీ వెనక్కి తిరిగాడు. "ఊపిరి గూడ తియ్యాలంటివి గద. దానికి అలగ్ ఇస్తవా?"

"ఊపిరి ఎట్లయినా తీస్తవు గద నాయనా, దానికి కూలెందుకు?" అన్నాను. ఆ మాటకు నేనే నవ్వుకున్నాను. తర్వాత చాలా కాలం ఆ మాట గుర్తొస్తే నవ్వు రాలేదు.

అతడు మోసగాడు కాదు. రోజూ వచ్చాడు, నూనె పెట్టి తోమాడు, వేళ్లు లాగాడు. ఆ పని చేస్తూ తను పట్టిన కుస్తీల కథలు చెప్పేవాడు. మా ఆయన దూలాలు చూస్తూ పడుకుని వినేవాడు, నవ్వేవాడు. దుకాణంలో బెల్లం తూస్తూ ఆ నవ్వులు విని, లోపల అభ్యాసం జోరుగా సాగుతోందనుకునేదాన్ని. చెయ్యి అతడి చేతిలో ఉంది, చెవి కుస్తీలో ఉంది, ఊపిరి ఎవరి దగ్గరా లేదు. విప్పాలన్న తలపు మా ఆయనకు ఒక్కసారి కూడా రావలసిన అవసరం పడలేదు.

కోతలు అయిపోయాక ఒక మధ్యాహ్నం తీరిగ్గా ఆయన ముందు కూర్చుని నిమ్మకాయ అందించాను. అది నిలవలేదు. అరచేతిలోకి పోనే లేదు. వేళ్లు దానికి చోటివ్వలేదు. కింద పడి బియ్యం సంచుల వైపు దొర్లిపోయింది.

"పోనీ తియ్యి," అన్నాడు ఆయన.

ఎందుకు అలా అన్నాడో నాకు తెలుసు. నన్ను ఓదార్చడానికి కాదు. వేళ్లు మళ్లీ బిగుసుకున్నాయని తనకు ముందే తెలుసు, నాకు చెప్పలేదు, అంతే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని వేరే చెప్పనక్కర్లేదు. డాక్టరు చెప్పిన 'తర్వాత' వచ్చేసిందేమో. నేను చాయ్ దగ్గర బేరమాడుతున్న రోజుల్లోనే వచ్చి, గడప దాటి, లోపల కూర్చుందేమో. ఈ భయంలో ఇంకొక తెలివైన పని చేశాను. మా బజారుకు అమావాస్య సెలవు. పోయిన రోజులన్నీ ఆ ఒక్క రోజే కట్టేద్దామని నిశ్చయించుకున్నాను. పొద్దున్నుంచి వేడినీళ్లు, ఆముదం. నేను లాగుతాను, ఆయన పళ్లు బిగించి ఓర్చుకుంటాడు. "సాకు, సాకు," అని కన్నడంలో మొదలుపెట్టాడు. ఇక చాలని తెలుగులోనూ ఉర్దూలోనూ కూడా మొత్తుకున్నాడు. "ఇంకొంచెం, ఇంకొంచెం," అన్నాను నేను. సాయంత్రానికి భుజం వాచింది. తెల్లారేసరికి చొక్కా తొడుక్కోలేకపోయాడు. నొప్పికి వేళ్లు ఇంకా గట్టిగా ముడుచుకున్నాయి.

ఆ రోజు ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఏమే, నన్ను ఇడిసిపెట్టు. నువ్వు బియ్యం జోకుకో. నన్ను ఇడిసిపెట్టు."

తిట్టినా బాగుండేది. ఆ గొంతులో కోపం లేదు. తలుపు వేసుకుని ఎడమచేత్తో తినే ఆ నాలుగు ముద్దలూ మానేసి, రెండు గుక్కల గంజితో సరిపెట్టేవాడు. జొన్నరొట్టె పెట్టిన పళ్లెం అలాగే తిరిగి వచ్చేది. నేను దుకాణంలో కూర్చునేదాన్ని. చెవులు మాత్రం లోపలే ఉండేవి. దగ్గినా భయం, దగ్గకపోయినా భయం. తక్కెడ పట్టుకుంటే ముల్లు నిలిచేది కాదు. తూకంలో మోసం చేస్తున్నానని ఒకావిడ అరిచింది. మోసం కాదమ్మా, చెయ్యి వణుకుతోందని చెప్పడానికి సిగ్గేసి, పిడికెడు శనగలు ఎక్కువ వేసి పంపించాను.

అన్నకు కబురు పెట్టాను. వచ్చాడు. భుజం చూశాడు. నన్ను తిట్టలేదు. ఆయన తిట్టకపోవడంతో నా ప్రాణం ఇంకా జారిపోయింది.

"ఇప్పుడేం చెయ్యాలన్నా?"

"గూసోని చెయ్యి."

"ఆయన చెయ్యడు. ఇటు తిరగనే తిరగడు."

"బావను చెయ్యమన్ననా? నిన్ను చెయ్యమన్న."

"నేను చేస్తె ఆయన చెయ్యి ఎట్ల వస్తదన్నా?"

"వస్తదని నేనెప్పుడన్న? ఇంకొకటి ఇను. చేసినంక చూడొద్దు. వేలు కదిలిందా, నిమ్మకాయ నిలిచిందా, ఏం చూడొద్దు, అడగొద్దు. రొట్టె పెనం మీదేసి ఊకె తిప్పి తిప్పి చూస్తె ఇరుగుతది. చేసుడు సగం. చేసినంక చేతులు దులుపుకోని లేచుడు ఇంకో సగం. నీకు మొదటి సగమే రాలె, రెండోది ఎన్నడొస్తదో."

సరుకు తీసుకుని తూచకుండా వెళ్లిపొమ్మన్నట్టుంది నాకు ఆ మాట. కాని ఆ రోజు నా దగ్గర ఎదురు బేరానికి ఏమీ లేదు.

మర్నాటి నుంచి ఆయన వీపుకు ఎదురుగా కూర్చుని నా చెయ్యి నేను విప్పాను, ముడిచాను. భుజం వాపు తగ్గేవరకు ఆయన్ని ముట్టుకోలేదు. ఒక్క మాట అనలేదు. బయట బండి వచ్చి ఆగేది. క్యాంపు నుంచి వచ్చే ఒకావిడ, గట్టి గొంతు మనిషి, తలుపు తట్టేది.

"ఏవండీ శెట్టెమ్మగారూ! పొద్దెక్కిపోతంది, కొట్టు తీస్తారా తియ్యరా?"

"తీస్తనమ్మా, జర్రసేపు!"

"మీ జర్ర ఎంతో మాకు తెలీదండీ! అక్కడ కూలోళ్లు చేలో నిలబడి ఉన్నారు!"

బండి ఎదురు దుకాణం వైపు తిరిగేది. ఊపిరి తీసేదాన్ని, బెల్లం దిమ్మ పోయింది. వదిలేదాన్ని, ఎండుమిరపకాయలు పోయాయి. మళ్లీ తీసేదాన్ని, కిరసనాయిలు పోయింది. ధ్యానంలో నా మనసు దేవుడి దగ్గరికి ఎన్నడూ పోలేదు. ఎదురు దుకాణం గల్లా దగ్గరికి పోయేది. పోయిన ప్రతిసారీ వెనక్కి తెచ్చి వేళ్ల మీద పెట్టేదాన్ని. అది మళ్లీ పోయేది. యోగమంటే ఇంత చిన్నతనంగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు నాకు.

గుండెదడ తగ్గలేదు. దానితోనే కూర్చునేదాన్ని. ఆయన వీపు కదులుతోందా, ఊపిరి ఆడుతోందా అని మొదట అదే చూసి, అప్పుడు నా ఊపిరి మొదలుపెట్టేదాన్ని. అది కూడా చూడటమే కదా అని అన్న అంటాడేమో గాని, అది మానడం నా వల్ల కాలేదు.

ఎన్నాళ్లకో ఒక వేకువ, దుప్పటి కింద ఏదో కదిలింది. నేను ఊపిరి తీసినప్పుడు ఒకసారి, వదిలినప్పుడు ఒకసారి. బొటనవేలేనా? ఎలుకేమైనా దూరిందా? నా ఒళ్లంతా చెవులైపోయింది. చెయ్యి చాస్తే దుప్పటి అందుతుంది. కాస్త ఎత్తి చూస్తే చాలు. నా జీవితంలో మూట విప్పి చూడకుండా తీసుకున్న సరుకు లేదు. చాచబోయిన చేతిని వెనక్కి తీసుకోవడం నాకు ఎంత కష్టమైందో రాస్తే నవ్వుతారు. చూడలేదు. లేచాను, చేతులు దులుపుకున్నాను, పోయి దుకాణం తీశాను. ఆ రోజంతా ఏం అమ్మానో తెలియదు.

మర్నాడు కూడా చూడలేదు. ఆ మర్నాడూ అంతే. ఒక పొద్దున మాత్రం ఆయన విసుగ్గా ఇటు తిరిగాడు.

"నీకు చేతగాదే. ఊపిరి ముందు పోనియ్యాలె, వేళ్లు దాని ఎనక రావాలె. నువ్వు రెండూ ఒక్కసారి గుంజుతున్నవు. ఇన్నిదినాలసంది నువ్వు కండ్లు మూసినప్పుడు చూస్తున్న, అంతా గడబిడ."

"మరి మీరు చేసి చూపియ్యిండ్రి," అన్నాను.

చూపించాడు. అంటే, వేళ్లు విచ్చుకోలేదు. కొంచెం సడలాయి. నాకు తప్పు దిద్దడానికని రోజూ కూర్చున్నాడు. నా తప్పులు తగ్గకుండా నేనూ జాగ్రత్త పడ్డాను. చేసి చూపించిన ఆ మొదటి పూటే పళ్లెం ఖాళీగా వచ్చింది.

తర్వాత చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. చేశాం. వానల్లో చేశాం, కాలువ కట్టేసిన ఎండల్లో చేశాం. మధ్యలో నాకు జ్వరం వచ్చి తప్పిపోయింది. లేచిన రోజు, తప్పిన రోజుల్ని ఒక్కసారే కట్టేద్దామన్న ఆశ కలిగింది. అణుచుకుని ఆ రోజుది ఆ రోజే చేశాం. వేళ్లు కొన్నాళ్లు విచ్చుకుని కొన్నాళ్లు మళ్లీ ముడుచుకునేవి. ముడుచుకున్న రోజు నాకు అన్నం దిగేది కాదు. అయినా మర్నాడు కూర్చునేవాళ్లం.

ఒక పొద్దున, నేను పిలవకుండానే, ఆయన చొక్కా తొడుక్కుని కాలీడ్చుకుంటూ వచ్చి గద్దె ఎక్కాడు. మొదట వచ్చింది ఆ గట్టి గొంతు క్యాంపావిడే. బెల్లం కావాలంది. నేను ముక్క కొట్టి తూచి కాగితంలో పెట్టాను. ఇవ్వాల్సింది ఆయన. బొటనవేలూ పక్కన రెండు వేళ్లతో పొట్లం పట్టుకున్నాడు. మిగతా రెండు వేళ్లు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. చెయ్యి గాలిలో కొంచెం కొంచెంగా ముందుకు పోయింది. పొట్లం జారితే ఆ మనిషి ఇక ఎప్పటికీ గద్దె ఎక్కడని నాకు తెలుసు. నేను ఊపిరి తీయడం కూడా మరిచిపోయాను. ఆవిడ చెయ్యి చాచి, తొందరపెట్టకుండా, అలాగే నిలబడింది. పొట్లం ఆవిడ చేతిలో పడింది.

"ఏవండీ శెట్టిగారూ," అంది ఆవిడ పొట్లం పైకెత్తి చూస్తూ, "ఆ రెండు వేళ్ల కింద ఏం దాచారు? నా బెల్లం ముక్కేమన్నా ఉండిపోలేదు గదా?"

ఆయన గద్దె దిగిపోతాడనుకున్నాను. ఆయన నవ్వాడు. పెద్దగా, పొట్ట కదిలేలా నవ్వాడు.

"ఉంటే ఇయ్యనా అమ్మా? నాకే విప్పుకుంటలేవు గవి," అన్నాడు.

ఇక లెక్క. ఆయన తర్వాత చాలా ఏళ్లు గద్దె మీద కూర్చున్నాడు. నలుగురి మధ్య కుడిచేత్తో తిన్నాడు. చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. తక్కెడ మాత్రం మళ్లీ పట్టలేకపోయాడు. బరువు ఎత్తలేకపోయాడు. చలికాలంలో భుజం నొప్పి ఆయనతోనే ఉంది, అది పూర్తిగా నేను ఇచ్చింది. ఎదురు దుకాణానికి పోయిన బేరాల్లో సగానికి పైగా తిరిగి రాలేదు. నా గుండెదడ పోలేదు, ఇప్పటికీ ఉంది. ఆయన పోయాక కూడా వేకువన కూర్చుని చెయ్యి విప్పి ముడుస్తూనే ఉన్నాను, ఎందుకని అడిగితే చెప్పలేను.

చివరి రెండు వేళ్లు విచ్చుకోలేదు. అవి ఎలాగూ వచ్చేవి కావేమో చెల్లె, నువ్వు మనసు కష్టపెట్టుకోకని అన్న చాలాసార్లు అన్నాడు. కావచ్చు. ఒకటి జబ్బు తీసుకుపోయినది, ఒకటి నేను కూలికి పెట్టిన ఆ కోతల కాలం తీసుకుపోయినది అయి ఉండొచ్చు. ఏది ఏదో విడదీసి చెప్పగలిగేవాళ్లు లేరు కనుక రెండూ నా పేరనే రాసుకున్నాను.